స్టాప్‌వాచ్ పక్కన పెట్టి టెక్నికల్ ఇంటర్వ్యూ చేయడం ఎలా?

"45 నిమిషాల్లో రెండు అల్గారిదమ్ ప్రశ్నలు ఇస్తున్నాం. ఎవరు గబగబా కోడ్ రాస్తారో తెలుస్తోంది. కానీ టీమ్‌లోకి వచ్చాక ఎవరు బాగా పని చేస్తారో మాత్రం తెలియడం లేదు. దీన్ని మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" టీమ్ లీడ్‌లు, ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కొత్తగా కూర్చుంటున్నవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది.

టైమర్ పెట్టి కొలిస్తే ఎక్కువగా బయటపడేది సాధన. అదే రకం లెక్కను ముందే పదిసార్లు చేసినవాళ్లు గట్టెక్కుతారు. మొదటిసారి చూసి, ఆలోచించి, అనుమానాలు అడిగి చేసేవాళ్లు వెనకబడతారు. ఉద్యోగంలో మనకు కావాల్సింది ఎక్కువగా ఆ రెండో రకం మనుషులే. అందుకే ఈ మార్గదర్శిలో కోడింగ్ రౌండ్‌ను తీసేయమని చెప్పడం లేదు. అవగాహన, వివరించే తీరు బయటపడేలా దాన్ని ఎలా మార్చాలో మొదటి నుంచి చివరి దాకా చెబుతున్నాను. వరుస తప్పకుండా చేయండి. చాలామంది నేరుగా ప్రశ్న తయారీకి వెళ్లిపోతారు, అక్కడే పని చెడుతుంది.

## 1. ఉద్యోగంలో అసలు పని ఏమిటో కాగితం మీద పెట్టండి

ఇంటర్వ్యూ గురించి ఆలోచించే ముందు, ఆ సీట్లో కూర్చునే మనిషి మొదటి ఆరు నెలల్లో చేసే పనులు రాయండి. "బ్యాకెండ్ డెవలప్‌మెంట్" అని రాస్తే లాభం లేదు. ఇలా రాయండి: పాత బిల్లింగ్ కోడ్ చదివి అర్థం చేసుకోవాలి, కస్టమర్ ఫిర్యాదు వస్తే లాగ్‌లు (సిస్టమ్ తనంతట రాసుకునే నమోదులు) చూసి కారణం కనుక్కోవాలి, సహచరుల కోడ్ రివ్యూ చేయాలి, ప్రోడక్ట్ మేనేజర్ అడిగినది ఎందుకు రెండు రోజుల్లో కాదో వివరించాలి.

ఊహించి రాయొద్దు. ఇప్పుడు ఆ పని చేస్తున్న ఇద్దరిని కూర్చోబెట్టి, పోయిన నెల టికెట్లు (నమోదైన పనులు, ఫిర్యాదులు), పుల్ రిక్వెస్ట్‌లు (రివ్యూకు పంపిన కోడ్ మార్పులు) తెరిచి చూడండి. కొత్త కోడ్ రాయడానికి పట్టిన సమయం మీరు అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. 78 మంది వృత్తి డెవలపర్ల పనిని గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో, దాదాపు 58 శాతం సమయం ఉన్న ప్రోగ్రామ్‌ను అర్థం చేసుకోవడానికే పోతోందని తేలింది. రోజులో సగానికి పైగా చదవడమే పని అయినప్పుడు, చదవడాన్ని ఒక్క నిమిషం కూడా పరీక్షించని ఇంటర్వ్యూ ఏ ఉద్యోగానికి మనిషిని ఎంచుతున్నట్టు?

జాబితా పూర్తయ్యాక ఒక్కో పని పక్కన "ఇది రాకపోతే మూడు నెలల్లో నేర్పగలమా?" అని రాసుకోండి. నేర్పగలిగినవి ఇంటర్వ్యూలోంచి తీసేయండి. ఫలానా ఫ్రేమ్‌వర్క్ పేరు, ఫలానా టూల్ వాడకం చాలావరకు ఇక్కడే ఎగిరిపోతాయి.

## 2. చూడాల్సిన మూడు నాలుగు గుణాలు ఎంచుకోండి

ఒక ఇంటర్వ్యూలో నాలుగు కంటే ఎక్కువ గుణాలు చూడలేం. ఎక్కువ పెట్టుకుంటే చివరికి అన్నీ కలిసి "బాగున్నాడు", "అంతగా లేడు" అనే ఒకే అభిప్రాయంగా మారతాయి. చాలా ఉద్యోగాలకు ఈ నాలుగూ సరిపోతాయి:

- తెలియని కోడ్ చదివి, అది ఏం చేస్తుందో, ఎక్కడ విరుగుతుందో చెప్పగలగడం
- లక్షణం నుంచి కారణానికి వెళ్లడం, అంటే డీబగ్గింగ్
- చిన్న మార్పును సరిగ్గా, ఇతరులు చదవగలిగేలా రాయడం
- తన ఆలోచనను ఎదుటివారికి తగ్గట్టు వివరించడం, వినడం

నాలుగో దాని దగ్గర కాస్త ఆగాలి. చాలా ప్యానెళ్లు కమ్యూనికేషన్‌ను ధారాళమైన ఇంగ్లిష్‌తో ముడిపెడతాయి. ఇది పూర్తిగా తప్పు, మంచివాళ్లను అన్యాయంగా వదులుకునే తప్పు. ఉచ్చారణ, తడబాటు, వాక్య నిర్మాణం మన కొలతలో ఉండకూడదు. ప్రశ్నలో అస్పష్టత ఉంటే అడిగారా? ఊహించుకున్నది ఊహ అని చెప్పారా? నాకు అర్థం కాలేదంటే వేరే దారిలో చెప్పి చూశారా? తెలియనిది తెలియదన్నారా? ఇవీ చూడాల్సినవి. ప్యానెల్‌కూ అభ్యర్థికీ ఇంకో భాష ఉమ్మడిగా ఉంటే, మధ్యలో ఆ భాషలోకి మారొచ్చని ముందే చెప్పండి. అప్పుడు భాష టెన్షన్ తగ్గి అసలు ఆలోచన బయటికొస్తుంది.

## 3. తొలి వడపోత: చిన్నదిగా, తేలికగా

దరఖాస్తులు వందల్లో వస్తే అందరితో గంటసేపు కూర్చోలేం. వడపోత ఉండక తప్పదు. అయితే దాని పని ఒక్కటే: కోడ్ అసలు రాయలేనివాళ్లను ఆపడం. ర్యాంకులు ఇవ్వడం దాని పని కాదు.

- పది నిమిషాల్లో అయ్యే లూపు, షరతు స్థాయి ప్రశ్న ఒకటి ఇవ్వండి. దానికి 40 నిమిషాలు ఇవ్వండి.
- కొన్ని నిమిషాల్లో చదవగలిగే కోడ్ ముక్క ఒకటి ఇచ్చి, "ఇది ఏం చేస్తుంది, ఏ ఇన్‌పుట్‌కు తప్పు జవాబిస్తుంది" అని రెండు మూడు వాక్యాల్లో రాయమనండి.
- ఫలితం పాస్ లేదా ఫెయిల్. ఎవరు ముందు ముగించారో ప్యానెల్‌కు కనబడనివ్వకండి. హ్యాకర్‌ర్యాంక్ లాంటి ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షల వేదికల రిపోర్టులో పట్టిన సమయం కూడా ఉంటే, ఆ భాగం తీసేసి పంపమని హెచ్‌ఆర్‌కు చెప్పండి. అంకె కంటపడితే మనసు దాన్ని పట్టుకునే కూర్చుంటుంది.

## 4. ప్రశ్న తయారీ

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మంచి ప్రశ్న ఒక్కటి చేతిలో ఉంటే ఏడాది పాటు వాడుకోవచ్చు.

### 4.1 మీ దగ్గర నిజంగా జరిగిన సమస్య తీసుకోండి

గత ఏడాది ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో వచ్చిన సమస్యల్లో నాలుగైదు చూడండి. కంపెనీ రహస్యాలు, కస్టమర్ వివరాలు తీసేసి, 80 నుంచి 120 లైన్ల కోడ్‌గా కుదించండి. భాష ఏదైనా ఫర్వాలేదు. అభ్యర్థికి తెలిసిన భాషలో ఇవ్వగలిగేలా రెండు మూడు భాషల్లో రాసి పెట్టుకోండి.

### 4.2 ఒక నమూనా

చాలా ఉద్యోగాలకు పనికొచ్చే నమూనా ఒకటి చెబుతాను. ఆర్డర్ వస్తుంది. కోడ్ పేమెంట్ సర్వీస్‌ను పిలుస్తుంది. 5 సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పిలుస్తుంది, మొత్తం 3 సార్లు. జవాబు వచ్చాక డేటాబేస్‌లో ఆర్డర్‌ను "చెల్లింపు పూర్తి" అని మారుస్తుంది, ఆ తర్వాత ఈమెయిల్ పంపుతుంది. రెండు ఫిర్యాదులు కూడా ఇవ్వండి: కొందరికి డబ్బు రెండుసార్లు కట్ అయింది, కొందరికి డబ్బు కట్ అయినా ఆర్డర్ "పెండింగ్" అనే చూపిస్తోంది.

ఇందులో పొరలున్నాయి. జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు. మొదటి పిలుపుకే అవతల డబ్బు కట్ అయి, జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. మూడు ప్రయత్నాలకూ ఒకే ప్రత్యేక సంఖ్య పంపి, అవతలి సర్వీస్ దాన్ని గుర్తుపట్టేలా చేస్తే తప్ప రెండుసార్లు కట్ అవడం ఆగదు. రెండో ఫిర్యాదుకు కారణం వేరు. డబ్బు కట్ అయ్యాక, డేటాబేస్‌లో రాసేలోపు ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఆగిపోతే ఆర్డర్ అలాగే ఉండిపోతుంది. వీటికి తోడు డబ్బు మొత్తాన్ని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) దాచడం లాంటి చిన్న తప్పు ఒకటి కలపండి. ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు, డబ్బు లెక్కల్లో అది తలనొప్పి. ఫిర్యాదులతో సంబంధం లేకపోయినా దాన్ని పట్టుకుని, "ఇది వేరే సమస్య, తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేవాళ్లకు ఏది ముఖ్యమో తెలుసు.

వేరియబుల్ పేర్లు రెండు మూడు చోట్ల అసహ్యంగా ఉంచండి. కొందరు పేర్లు సరిచేయడంలోనే పదిహేను నిమిషాలు గడిపేస్తారు. అదీ తెలియాల్సిన విషయమే.

### 4.3 మలుపు సిద్ధం చేసుకోండి

ముందే చదివి వచ్చిన జవాబుకూ నిజమైన అవగాహనకూ తేడా, షరతు మారినప్పుడు తెలుస్తుంది. ఉదాహరణకు అభ్యర్థి "మెమరీలో లాక్ పెడదాం" (ఒకే పనిని ఇద్దరు ఒకేసారి చేయకుండా ఆపే తాళం) అంటే, "ఇదే కోడ్ రెండు సర్వర్లలో ఒకేసారి నడుస్తోంది. ఇప్పుడేం చేస్తారు?" అని అడగండి. లాక్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ లాక్ ఒక ప్రాసెస్ దాటి పనిచేయదని వెంటనే చెబుతారు. మాట మాత్రమే తెలిసినవాళ్లు ఇంకో మాట వెతుక్కుంటారు. ప్రతి ప్రశ్నకూ ఇలాంటి మలుపులు రెండు రాసి ఉంచుకోండి.

### 4.4 రాయించే భాగం మరవొద్దు

చివర్లో కాసేపు రాయించండి: "కస్టమర్ సపోర్ట్ టీమ్‌కు ఐదారు లైన్ల నోట్ రాయండి. ఏం జరిగింది, ఎవరికి జరిగింది, ఇప్పుడు ఫోన్ చేసినవాళ్లకు ఏం చెప్పాలి." ఈ ఐదారు లైన్లు చెప్పేంత విషయం ఇంకే భాగంలోనూ దొరకదు. సమస్యను లోతుగా అర్థం చేసుకున్నవాళ్లు దాన్ని కోడ్ తెలియనివారికి కూడా చెప్పగలరు. అర్థం కానివాళ్లు టెక్నికల్ మాటలను అలాగే అక్కడికి ఎత్తేస్తారు.

జూనియర్లకు ఇంత బరువైన ప్రశ్న వద్దు. ఆర్డర్ల జాబితా పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది అన్న ఫిర్యాదు ఇవ్వండి. కోడ్ 200 ఆర్డర్లను ఒక క్వెరీతో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నతో) తెచ్చి, ఒక్కో ఆర్డర్‌కు కస్టమర్ పేరు కోసం విడిగా ఇంకో క్వెరీ వేస్తుంది. మొత్తం 201 క్వెరీలు. పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, జాగ్రత్తగా చదివితే చాలు.

## 5. స్కోర్ షీట్: ఇంటర్వ్యూకు ముందే రాయాలి

ఇంటర్వ్యూ అయ్యాక రాసుకునే కొలత కొలత కాదు, అప్పటికే కుదిరిన అభిప్రాయానికి సాక్ష్యం వెతకడం. ఉద్యోగ ఎంపిక పద్ధతుల మీద వచ్చిన పాత పరిశోధనల ఫలితాలను 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్, ఆయన సహచరులు తిరిగి లెక్కగట్టినప్పుడు, అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసిన కొలతలు ఉండే ఇంటర్వ్యూలే పనితీరును ఊహించడంలో అన్నిటికంటే ముందు నిలిచాయి. ఇందుకు పెద్ద ఖర్చు అవదు, కాస్త క్రమశిక్షణ కావాలి, అంతే.

1 నుంచి 4 దాకా స్కేల్ పెట్టండి. 5 దాకా పెడితే అందరూ 3 దగ్గర దాక్కుంటారు. ప్రతి అంకెకూ ఎదురుగా కంటికి కనబడే ప్రవర్తన రాయండి. పేమెంట్ ప్రశ్నకు డీబగ్గింగ్ కొలత ఇలా ఉంటుంది:

- 1: ఏ లైన్ ఏం చేస్తుందో చెబుతారు. ఫిర్యాదుకూ కోడ్‌కూ సంబంధం కలపలేరు.
- 2: మళ్లీ పిలిచే భాగాన్ని అనుమానిస్తారు. ఎందుకో చెప్పలేరు. ప్రయత్నాలు మూడు నుంచి ఒకటికి తగ్గిస్తే సరిపోతుందంటారు.
- 3: జవాబు రాకపోవడం, పని జరగకపోవడం వేరని చెబుతారు. ప్రత్యేక సంఖ్య అవసరం గుర్తిస్తారు. లాగ్‌లలో ఏం వెతికితే ఇది నిజమో కాదో తేలుతుందో చెబుతారు.
- 4: పై అన్నిటితో పాటు, అవతలి సర్వీస్ ఆ సంఖ్యను గుర్తుపడుతుందా అని అడుగుతారు. మధ్యలో ప్రాసెస్ ఆగిపోతే ఏమవుతుందో చూస్తారు. రెండు వైపుల లెక్కలూ రోజూ సరిపోల్చే పని పెట్టాలంటారు. ఏ పరిష్కారానికి ఎంత శ్రమో చెబుతారు.

వివరణకు:

- 1: ఊహలను చెప్పకుండా ముందుకెళ్తారు. అర్థం కాలేదంటే అదే వాక్యం మళ్లీ అంటారు.
- 2: అడిగితే చెబుతారు, అడగకపోతే చెప్పరు.
- 3: ఊహలను ముందే చెబుతారు. వినేవాళ్లను బట్టి వివరణ మారుస్తారు. తెలియనిది తెలియదని, దాన్ని ఎలా తెలుసుకుంటారో చెబుతారు.
- 4: మీరు అడ్డు చెబితే మీ వాదనను ముందు సరిగ్గా తిరిగి చెప్పి, తర్వాత జవాబిస్తారు. సాక్ష్యం ఎదురైతే అభిప్రాయం మార్చుకుని, ఎందుకు మార్చుకున్నారో చెబుతారు. వాళ్ల నోట్ ఆ గదిలో లేనివాళ్లకూ అర్థమవుతుంది.

మిగతా రెండు గుణాలకూ ఇలాగే రాయండి. షీట్‌లో "వేగం" అనే గడి ఉండకూడదు. పూర్తి చేసిన భాగాల లెక్క కూడా వద్దు, అది వేగానికి మారుపేరే. ప్రతి అంకె కింద "ఏం చూసి ఈ అంకె ఇచ్చాను" అని రెండు లైన్లు రాసే చోటు తప్పనిసరి.

## 6. ముందు మీ టీమ్ మీద ప్రయోగించండి

మీరు బాగా గౌరవించే సహచరులు ఇద్దరు ముగ్గురికి, ముందు ఏమీ చెప్పకుండా, ఈ ఇంటర్వ్యూ పెట్టండి. వాళ్లలో ఒకరు 2 దగ్గర ఆగిపోతే తప్పు ప్రశ్నది. ఎక్కడ అనవసరంగా ఇరుక్కున్నారో చూసి ఆ ముడి విప్పండి.

సమయం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. సహచరుడికి పట్టినదానికి కనీసం రెట్టింపు సమయం అభ్యర్థికి ఉండాలి. మీ సిస్టమ్ వాళ్లకు కొత్త, మీరూ కొత్త, పైగా ఉద్యోగం భయం ఉంటుంది.

## 7. అభ్యర్థికి ముందే చెప్పండి

రహస్యంగా ఉంచితే పరీక్ష గట్టిదవుతుందనే నమ్మకం చాలా చోట్ల ఉంది. గట్టిదేమీ అవదు. ఊహించడంలో ఆరితేరినవాళ్లకు లాభం, అంతే. కనీసం మూడు రోజుల ముందు ఇలా రాయండి:

"నమస్తే. మీతో 75 నిమిషాల ఇంటర్వ్యూ ఉంటుంది. మీకు నచ్చిన భాషలో సుమారు 100 లైన్ల కోడ్ ఇస్తాం. మొదట ఒంటరిగా చదువుకోవడానికి సమయం ఉంటుంది. తర్వాత అందులో ఉన్న సమస్య గురించి మాట్లాడుకుంటాం, చిన్న మార్పు చేయమంటాం, చివర్లో చిన్న నోట్ రాయమంటాం. ఎంత వేగంగా చేశారన్నది చూడం. ఏ అనుమానం వచ్చినా అడగండి, అడిగినందుకు మార్కులు తగ్గవు. డాక్యుమెంటేషన్ చూసుకోవచ్చు. మీకు ప్రత్యేక ఏర్పాటు ఏదైనా అవసరమైతే ముందుగా చెప్పండి."

కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వాడొచ్చా లేదా అన్నది కూడా ఇందులోనే స్పష్టంగా రాయాలి. నా సలహా: చదివే, చర్చించే భాగంలో వద్దనండి, మార్పు చేసే భాగంలో సరేననండి. టూల్ ఇచ్చిన కోడ్‌ను తీసుకున్నవాళ్లను, "ఇది సరైనదని మీకు ఎలా తెలుసు?" అని అడగండి. కోడ్ టైప్ చేయడం యంత్రానికి వదిలేయగలిగిన రోజుల్లో, అది తప్పో ఒప్పో చెప్పగలిగే మనిషి విలువ పెరిగింది. టైపింగ్ వేగాన్ని కొలవడానికి ఇప్పుడు ఇంకా తక్కువ కారణం ఉంది.

## 8. ఆ 75 నిమిషాలు

మొదటి 5 నిమిషాలు. పరిచయం. ఏం జరగబోతోందో మళ్లీ చెప్పండి. మెయిల్‌లో రాశాం కదా అని వదిలేయొద్దు.

తర్వాతి 15 నిమిషాలు: ఒంటరిగా చదవడం. గదిలోంచి బయటికి వెళ్లండి. ఆన్‌లైన్ అయితే మీ కెమెరా, మైక్ ఆపండి, వాళ్లనూ ఆపుకోమనండి. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో 48 మంది పాల్గొన్నారు. కొందరు ఎదుట మనిషి చూస్తుండగా బోర్డు మీద, కొందరు గదిలో ఒంటరిగా లెక్క చేశారు. చూస్తుండగా చేసినవారి పనితీరు సగానికి పైగా పడిపోయింది. ఎవరైనా తమ తల మీద నిలబడి చూస్తుంటే తడబడేవాళ్లు, ఉద్యోగంలో చేరాక రోజూ అలా పని చేయాల్సిన అవసరం లేదు. ఆ తడబాటును లెక్కలోకి తీసుకోవడం అన్యాయం.

25 నిమిషాలు: చర్చ. ప్రశ్నల వరుస అందరికీ ఒకటే: ఈ కోడ్ ఏం చేస్తుందో మీ మాటల్లో చెప్పండి. మొదటి ఫిర్యాదుకు కారణం ఏమనుకుంటున్నారు? అది నిజమో కాదో ఎలా తేల్చుకుంటారు? రెండో ఫిర్యాదుకూ అదే కారణమా? తర్వాత మీరు రాసి ఉంచుకున్న మలుపు.

15 నిమిషాలు: మార్పు. ఒక్క సమస్యకే పరిష్కారం రాయమనండి. ఏ సమస్య ఎంచుకోవాలో వాళ్లకే వదిలేయండి, ఎందుకు ఎంచుకున్నారో అడగండి. పూర్తవకపోతే, మిగిలింది ఎలా చేస్తారో నోటితో చెప్పమనండి. నోటితో చెప్పింది సరిగ్గా ఉంటే రాసినదానితో సమానం.

10 నిమిషాలు: నోట్. మళ్లీ ఒంటరిగా వదిలేయండి.

చివరి 5 నిమిషాలు. వాళ్ల ప్రశ్నలు. వీటికి మార్కులు వేయొద్దు.

## 9. అడిగే తీరు

ఇంటర్వ్యూ చేసేవాళ్ల మాట తీరు సరిగా లేకపోతే పైన చేసిన తయారీ అంతా వృథా.

మౌనం వస్తే ఉండనివ్వండి. మనకు పది సెకన్లే ఇబ్బందిగా అనిపించి ఏదో ఒకటి అనేస్తాం, వాళ్ల ఆలోచన తెగిపోతుంది. "ఆలోచించుకోండి, తొందర లేదు" అని ఒకసారి చెప్పి నోట్స్ వైపు చూస్తూ కూర్చోండి. అందరూ పైకి మాట్లాడుతూ ఆలోచించలేరు. ఆలోచించాక చెప్పడం కూడా మంచి వివరణే.

నాలుగైదు నిమిషాలు నిజంగా ఇరుక్కుపోతే సూచన ఇవ్వండి. సూచనలను కూడా ముందే రాసి ఉంచుకోవాలి, చిన్నది నుంచి పెద్దది దాకా: "జవాబు రాని సందర్భాన్ని మళ్లీ చూడండి." "ఆ సమయంలో అవతలి సర్వర్‌లో ఏం జరిగి ఉండొచ్చు?" "అవతల డబ్బు అప్పటికే కట్ అయిందనుకుందాం." ఎవరికి ఏ సూచన ఇచ్చారో షీట్‌లో రాయండి. ఒకరికి మూడు సూచనలిచ్చి, ఇంకొకరికి ఒక్కటీ ఇవ్వకుండా ఇద్దరికీ 3 వేస్తే పోలిక చెడిపోతుంది.

జవాబు సరైనదైనా ఒకసారి "ఎందుకు?" అనండి. తప్పైనా అదే గొంతుతో "ఎందుకు?" అనండి. తప్పు చెప్పినప్పుడు మాత్రమే అడిగితే, మన ముఖం చూసి జవాబు మార్చేస్తారు.

## 10. నిర్ణయం తీసుకునే గంట

- ఇంటర్వ్యూ అయిన గంటలోపు స్కోర్ షీట్ నింపాలి. మర్నాటికి జ్ఞాపకం కథగా మారిపోతుంది.
- ప్యానెల్‌లో ఎవరూ తమ అంకెలు ఇచ్చే దాకా ఇతరుల అంకెలు చూడకూడదు. "ఎలా ఉన్నాడు?" అని కారిడార్‌లో అడగడం కూడా నిషేధమే.
- మీటింగ్‌లో జూనియర్ ముందు మాట్లాడాలి, మేనేజర్ చివర్లో. మేనేజర్ ముందు మాట్లాడితే మీటింగ్ అక్కడితో అయిపోయినట్టే.
- ఒకే గుణానికి ఇద్దరి అంకెల మధ్య రెండు తేడా ఉంటే సగటు తీయొద్దు. ఇద్దరూ తాము చూసింది చదివి వినిపించాలి.
- ఏ అంకెలకు ఉద్యోగం ఇస్తారో అభ్యర్థులను చూడకముందే రాసి ఉండాలి. ఉదాహరణకు: నాలుగు గుణాల్లో దేనికీ 1 ఉండకూడదు, కనీసం రెండింటికి 3 ఉండాలి.

"ఏదో కుదరలేదనిపించింది" అన్న మాట వస్తే, షీట్‌లో ఏ లైన్ దాన్ని చూపిస్తోందో అడగండి. చూపించలేకపోతే ఆ మాటను లెక్కలోంచి తీసేయండి. మనలాగే మాట్లాడేవాళ్లు, మనం చదివినలాంటి చోట చదివినవాళ్లు మనకు "కుదిరినట్టు" అనిపిస్తారు. ఆ దారిలో వెళ్తే టీమ్‌లో అందరూ ఒకే మూసలో తయారవుతారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే మార్గాలు

పాత రౌండ్లు అలాగే ఉంచి దీన్ని కలపడం. ఇదే అన్నిటికంటే ఎక్కువ. రెండు లీట్‌కోడ్ (అల్గారిదమ్ ప్రశ్నలు సాధన చేసే వెబ్‌సైట్) తరహా రౌండ్లు దాటినవాళ్లకే ఈ ఇంటర్వ్యూ పెడితే, వేగం అప్పటికే ఎంపిక చేసేసింది. వాటిలో కనీసం ఒకటి తీసేయండి. పై అధికారులు ఒప్పుకోకపోతే ఒక ఉద్యోగానికి మాత్రం ఈ పద్ధతి ప్రయత్నిస్తామని అడగండి. మొత్తం మార్చమంటే కాదంటారు, ఒక్కదానికి ఒప్పుకుంటారు.

చిక్కుప్రశ్నలు. గూగుల్‌లో అప్పట్లో నియామకాల విభాగం చూసిన లాస్లో బాక్ 2013లోనే, ఇలాంటి పజిళ్లు పూర్తిగా సమయం వృథా అని, అడిగేవాళ్లకు తాము తెలివైనవాళ్లమనిపించడానికే పనికొస్తాయని బహిరంగంగా చెప్పారు. జవాబు ఒక్క మెరుపు మీద ఆధారపడే ప్రశ్న ఏదైనా తీసేయండి.

ఇంటి దగ్గర చేసే అసైన్‌మెంట్ పెరిగిపోవడం. "నాలుగు గంటల పని" అని ఇస్తే, ఖాళీ ఉన్నవాళ్లు రెండు రోజులు కూర్చుంటారు. చిన్నపిల్లలున్నవాళ్లు, ఇంకో ఉద్యోగం చేస్తున్నవాళ్లు కూర్చోలేరు. ఇవ్వక తప్పకపోతే రెండు గంటలు దాటని పని ఇచ్చి, వాళ్లు రాసిన కోడ్ గురించి అరగంట మాట్లాడండి. మార్కులు ఆ మాటలకే.

అనర్గళంగా మాట్లాడేవాళ్లకు పడిపోవడం. వేగం వదిలి మాటకారితనాన్ని ఎంచుకుంటే ఒక పొరపాటు పోయి ఇంకోటి వచ్చినట్టే. అందుకే మలుపు ప్రశ్న, నోట్ రెండూ తప్పనిసరి. మాట తియ్యగా ఉండి విషయం లేకపోతే ఆ రెండు చోట్లా దొరికిపోతారు.

ప్రశ్న బయటికి పొక్కడం. కొన్నాళ్లకు పొక్కుతుంది, దానికి కంగారు పడొద్దు. కోడ్ అలాగే ఉంచి ఫిర్యాదులు, మలుపులు మార్చండి. మారిన షరతుకు కంఠస్థం పనిచేయదు.

మధ్యలో కొలతలు మార్చడం. ముగ్గురిని చూశాక "ప్రశ్న తేలికైంది" అనిపించొచ్చు. ఆ ఉద్యోగం భర్తీ అయ్యేదాకా ఆగి, తర్వాత మార్చండి.

## 12. ఇంటర్వ్యూకు ముందురోజు చూసుకోవాల్సినవి

- అభ్యర్థి ఎంచుకున్న భాషలో కోడ్ సిద్ధంగా ఉందా, నడుస్తోందా?
- ఫిర్యాదులు, మలుపులు, సూచనలు ప్రింట్ తీశారా?
- ఖాళీ స్కోర్ షీట్లు ప్యానెల్‌లో ఒక్కొక్కరికీ విడిగా ఉన్నాయా?
- ఒంటరిగా చదువుకోవడానికి గది గానీ, ఆన్‌లైన్ ఏర్పాటు గానీ ఉందా?
- అభ్యర్థి పేరు ఎలా పలకాలో తెలుసా?
- ఇంటర్వ్యూ వెనకే మీ క్యాలెండర్‌లో షీట్ నింపడానికి అరగంట ఖాళీ పెట్టారా?

## 13. ఆరు నెలల తర్వాత

చేరినవాళ్ల పని గురించి వాళ్ల లీడ్‌ను అడిగి, మీ అంకెల పక్కన పెట్టి చూడండి. ఏ గుణంలో 4 వచ్చినవాళ్లు తర్వాత కూడా బాగా చేశారు? ఏ అంకెకూ పనికీ పొంతన లేదు? తీసుకున్నవాళ్లను మాత్రమే చూస్తున్నాం కాబట్టి, వదులుకున్నవాళ్ల గురించి ఈ పోలిక ఏమీ చెప్పదు. నలుగురైదుగురిని చూసి పెద్ద తీర్మానాలకు రావొద్దు. అయినా ఒక గుణం వరుసగా తప్పుతుంటే దాని కొలత వాక్యాలు తిరగరాయండి.

కాదన్నవాళ్లకు కూడా స్కోర్ షీట్‌లోని విషయమే రెండు మూడు వాక్యాల్లో రాసి పంపండి, కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటే. "మొదటి ఫిర్యాదు కారణం చక్కగా పట్టుకున్నారు. రెండు సర్వర్ల సందర్భంలో లాక్ ఎందుకు పనిచేయదో ఇంకోసారి చూడండి" అన్నంత స్పష్టంగా ఉండాలి. అంత స్పష్టంగా రాయలేకపోయారంటే మీ షీట్‌లో సాక్ష్యం సరిపోలేదని అర్థం. అప్పుడు 5వ అంశానికి తిరిగి వెళ్లి, ఆ గుణం కొలతను బాగుచేయండి.